రెండు కళ్లు, ఒకటే లోకం: లోతు చూసేది కన్నా, మెదడా?

ఫోన్ ఒక్క నిమిషం దేనికైనా ఆనించి పెట్టండి. చూపుడు వేలు ముక్కుకి జానెడు దూరంలో నిలబెట్టండి. ఎడమ కన్ను మూయండి. ఇప్పుడు అది తెరిచి, కుడి కన్ను మూయండి. వేలు పక్కకి గెంతినట్టు అనిపించిందా? మీరు కదల్లేదు, వేలూ కదల్లేదు. మన కళ్ల మధ్య దాదాపు ఆరు సెంటీమీటర్ల ఎడం ఉంది కాబట్టి, రెండూ కొంచెం తేడా ఉన్న బొమ్మలు చూస్తున్నాయి. మరి మనకి ఒకటే లోకం ఎలా కనిపిస్తోంది? ఇవాళ ఆ కథ. ఇది నా సొంత కథ కూడా, అదెలాగో మధ్యలో చెప్తాను.

ఇంటర్ ఫిజిక్స్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి చదివారు కదా? ఆ చార్లెస్ వీట్‌స్టనే ఈ కథకి మొదటి హీరో. 1838లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఒక పరికరం గురించి చెప్పాడు. రెండు అద్దాలు, చెరో పక్కా ఒక గీతల బొమ్మ. ఎడమ కన్నుకి ఒకటి, కుడి కన్నుకి ఇంకొకటి. ఫొటోగ్రఫీ అప్పటికి జనంలోకి రానే లేదు, కాబట్టి చేత్తో గీసిన బొమ్మలే. నీడ లేదు, రంగు లేదు. అయినా అందులోకి చూస్తే ఘనం నిజంగా గాల్లో నిలబడినట్టు కనిపించేది. రెండు కళ్లూ తేడాగా చూస్తాయని అంతకుముందే తెలుసు. కానీ ఆ తేడానే లోతు అని చేసి చూపించింది వీట్‌స్టన్. మీరు వాడే వీఆర్ హెడ్‌సెట్‌కి ముత్తాత ఆ స్టీరియోస్కోపే.

సరే, తేడాని ఎవరు లెక్క కడుతున్నారు? 1960లో బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలెస్ అనే హంగేరీ ఇంజనీర్ కంప్యూటర్‌తో రెండు చుక్కల బొమ్మలు తయారుచేశాడు. ఒంటి కన్నుతో చూస్తే ఏ ఆకారమూ ఉండదు, ఉత్త చుక్కల గందరగోళం. ఒక బొమ్మలో మధ్యలో ఉన్న చుక్కల గుంపుని కొంచెం పక్కకి జరిపాడు, అంతే. రెండూ చెరో కంటితో చూస్తే మధ్యలో ఒక చదరం పైకి లేచి వస్తుంది! అంటే ముందు వస్తువుని గుర్తుపట్టి తర్వాత లోతు కట్టక్కర్లేదు. రెండు బొమ్మల్నీ పోల్చే పని మెదడు ముందే మొదలుపెట్టేస్తోంది.

ఎక్కడ? తల వెనక భాగంలో, విజువల్ కార్టెక్స్‌లో. డేవిడ్ హ్యూబెల్, టోర్స్టన్ వీజెల్ అనే ఇద్దరు పిల్లుల మెదడులో సన్నటి తీగ పెట్టి, ఒక్కొక్క కణం ఇచ్చే సంకేతాన్ని విన్నారు. కార్టెక్స్‌కి వచ్చేదాకా రెండు కళ్ల సంకేతాలు దాదాపు వేరువేరు దారుల్లోనే వస్తాయి. ఇక్కడ చాలా కణాలు రెండు కళ్లకీ స్పందిస్తున్నాయి. 1967లో బార్లో, బ్లేక్‌మోర్, పెటిగ్రూ ఇంకో అడుగు వేశారు. రెండు బొమ్మల మధ్య తేడా ఇంత ఉంటే ఒక కణం, అంత ఉంటే ఇంకో కణం గట్టిగా స్పందిస్తోందని చూపించారు. అంటే దగ్గరకి ఒక కణం, దూరానికి ఇంకో కణం అన్నమాట.

ఇప్పుడు నా సంగతి. 1965లో హ్యూబెల్, వీజెల్ పిల్లి పిల్లలకి ఆపరేషన్‌తో మెల్లకన్ను తెప్పించారు. వినడానికే బాధగా ఉంటుంది, నిజమే. పెద్దయ్యాక చూస్తే రెండు కళ్లూ విడివిడిగా బాగానే పనిచేస్తున్నాయి. కానీ రెండిటికీ కలిపి స్పందించే కణాలు చాలావరకు లేవు. చిన్నప్పుడు రెండు కళ్లూ ఒకేచోట చూడకపోతే ఆ కనెక్షన్లు నిలబడవు. ఈ పరిశోధనలకి 1981లో వాళ్లకి నోబెల్ వచ్చింది.

నాకూ చిన్నప్పుడు మెల్లకన్నే. మా నాయనమ్మ "మెల్లకన్ను అదృష్టంరా, ముట్టుకోవద్దు" అనేది. ప్రేమతోనే అంది, పాపం. స్కూల్లో చేరాక ఆపరేషన్ చేయించారు, కన్ను సూటిగా అయ్యింది. కానీ ఇప్పటికీ 3డి సినిమాకెళ్తే పక్కవాళ్లు చెయ్యి చాపి పట్టుకోబోతుంటారు, నేను పాప్‌కార్న్ తింటూ ఉంటాను. బండి నడుపుతాను, ఇబ్బంది లేదు. నీడలు, సైజు, ఏది దేనికి అడ్డొస్తోంది అన్నవి చూసి మెదడు దూరం అంచనా వేస్తుంది. సూదిలో దారం మాత్రం ఎక్కదు.

మరి తలుపు పూర్తిగా మూసుకున్నట్టేనా? అక్కడే సూసన్ బ్యారీ వస్తుంది. అమెరికాలో న్యూరోబయాలజీ ప్రొఫెసర్, పసితనం నుంచీ మెల్లకన్ను. 48 ఏళ్ల వయసులో కంటి వ్యాయామాలు మొదలుపెట్టాక, ఒకరోజు కారులో స్టీరింగ్ ముందుకి పొడుచుకొచ్చినట్టు కనిపించింది! అందరికీ అలా అవుతుందని కాదు. కానీ పెద్దవాళ్ల మెదడు మారనే మారదు అన్న మాట మాత్రం నిలవలేదు.

అందుకే చిన్న రిక్వెస్ట్. మీ ఇంట్లో పసిపాపకి నాలుగైదు నెలలు దాటినా కన్ను పక్కకి పోతుంటే, అదృష్టం అనుకుని ఊరుకోకండి, కంటి డాక్టర్‌కి చూపించండి. వీలైతే ఈ ఎపిసోడ్ మీ ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. మా నాయనమ్మకి ఆరోజు చెప్పేవాళ్లు లేరు, మీ నాయనమ్మకి మీరున్నారు.