షెడ్డు కింది మట్టి

మన చరిత్ర రాసినవాళ్లు శాసనాలు చదివారు, కైఫీయతులు చదివారు. మెకానిక్ షెడ్డు ముందు ఆయిలు తాగి నల్లబడ్డ మట్టిని చదివినవాళ్లు తక్కువ. మన అన్నదమ్ముల చేతిరాత ఉన్నది అందులోనే.

షెడ్డుల్లోకి మన పిల్లలు ఎందుకెళ్లారు? పాలేరుతనం తప్పించుకోడానికి. డప్పూ చెప్పూ కాకుండా వేరే పని చేతబట్టడానికి. లారీ ఇంజను విప్పేవాణ్ని నీ కులమేందని ఎవరూ అడగరు, కనీసం బండి స్టార్టయ్యేదాకా అడగరు. ఉస్తాద్ తిట్టినా కొట్టినా పని నేర్పాడు. ఈ మాట ముందే చెప్పుకోకపోతే షెడ్డుల మీద మేం పగబట్టామనుకుంటారు.

ఇక మట్టి సంగతి. సీసం అందులోకి ఒక్క దారిన రాలేదు. పగలగొట్టిన బ్యాటరీ పలకల పొడి, రేడియేటర్ లీకు మూసే టంకం, చక్రాల బ్యాలెన్సింగుకి కొట్టే సీసం ముక్కలు, గీకి పారేసిన పాత పెయింటు. టైర్ల అరుగుదలలో జింకు, బ్రేకు లైనింగు ధూళిలో రాగి. వీటన్నిటి మీదా కాలిన ఇంజనాయిలు.

పెట్రోల్లో కలిపిన సీసానిది వేరే కథ. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను కొట్టుకోదని కనిపెట్టాడు. 1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో దాన్ని తయారుచేసే కార్మికులు ఐదుగురు మతి తప్పి చనిపోయారు. కొన్నాళ్లు ఆపి 1926లో మళ్లీ అమ్మారు. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలకి సీసంలేని పెట్రోలు వచ్చింది. ఆరోగ్యం మాట కూడా అన్నారు గానీ ముహూర్తం పెట్టింది కెటలిటిక్ కన్వర్టరే. కొత్త కార్లకి బిగించిన ఆ పరికరం సీసం తగిలితే పాడైపోతుంది. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగిన కుర్రాడి గురించి అంత తొందర ఎవరికీ కలగలేదు. దేశమంతటా సీసం పెట్రోలు ఆగింది 2000లో.

పెట్రోల్లోంచి పోయింది, మట్టిలోంచి పోలేదు. సీసం కుళ్లదు. వానకి పెద్దగా కిందికి దిగదు. పైపొరలోనే ఉంటుంది, అంటే పిల్లలు ఆడుకునే పొరలో. మింగిన సీసంలో పెద్దవాళ్లకి సుమారు 10 శాతం ఒంటబడితే, పసివాళ్లకి 50 శాతం దాకా పడుతుంది. ఎముకల్లో దశాబ్దాలు దాక్కుని, తల్లి కడుపుతో ఉన్నప్పుడు నెత్తుట్లోకి వచ్చి బిడ్డకి చేరుతుంది. జ్ఞాపకాన్నీ నిలకడనీ దెబ్బతీస్తుంది. బడిలో వెనకబడ్డ పిల్లాడి కులాన్ని తిట్టిన పంతుళ్లని మనం చూశాం. వాడి ఇంటి ముందు మట్టిని అడిగిన పంతులు మాత్రం మాకు తారసపడలేదు.

1986 బాలకార్మిక చట్టం ప్రమాదకర పనుల జాబితాలో ఆటోమొబైల్ వర్క్‌షాపులు తర్వాత చేరాయి. పిల్లాడు షెడ్డులోంచి బయటికొచ్చినా వాళ్ల గుడిసె షెడ్డు వెనకే ఉంది. తండ్రి చొక్కా మీద ఆ ధూళి రోజూ ఇంటికొస్తూనే ఉంది.

వర్క్‌షాపుల్ని ఊరి చివరికి చేర్చడం కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్ 1960ల నాటిది. ఊరి చివర ఎవరి వాడలుంటాయో చెప్పక్కర్లేదు. షెడ్డులు మూయించమని మేం అడగడం లేదు, అది మన కూడు. నేలకి గచ్చు పోయమనీ, పనివాళ్లకీ పిల్లలకీ నెత్తురు పరీక్ష చేయమనీ అడుగుతున్నాం. రేపు షెడ్డు లేచిపోయిన జాగాలో ఇళ్ల పట్టాలిస్తామంటే, కార్యకర్తలు పట్టాతో పాటు మట్టి పరీక్ష కాగితం కూడా చేతికి తీసుకోవాలి.