చిల్లు ఉంటేనే కుండీ

గ్రీకుల కొలిమి దేవుడు హెఫైస్టస్‌కు ఏథెన్సులో ఒక గుడి ఉంది. 1930లలో దాని చుట్టూ తవ్వినప్పుడు రాతిలో తొలిచిన గుంటలు బయటపడ్డాయి. గుడి స్తంభాల వరసకు సమాంతరంగా, చాళ్లు పోసినట్టు ఉన్నాయి. వాటిలో క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి మట్టి కుండీలు దొరికాయి. అడుగున చిల్లు ఉన్న కుండీలు, పగిలిపోయి పెంకులుగా ఉన్నాయి. ఇరవై రెండు శతాబ్దాల మట్టి బరువుకు పగిలాయని ఎవరైనా అనుకుంటారు. కాదు. మొక్కను గుంటలో దించేటప్పుడు తోటమాలే పగలగొట్టాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఉగాది దగ్గర పడగానే అరుగు మీద నాలుగు బంతి, రెండు చామంతి, ఒక మరువం కుండీ సర్దుకోవడం మా ఇంట్లో ఏటా జరిగేదే. కుండీ అంటే మొక్క కాపురం ఉండే ఇల్లు అనే అనుకుంటూ వచ్చాను. ఆ గుడి దగ్గర మాత్రం అది మొక్కను మోసుకొచ్చి, నేలకు అప్పగించి, పగిలిపోయింది.

ఎందుకు పగలగొట్టారో చెప్పినవాడు రోమన్ పెద్దమనిషి కేటో. ఆయన క్రీస్తుపూర్వం 149లో చనిపోయాడు. సేద్యం మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో అంటు కట్టే పద్ధతి ఇలా చెప్పాడు. అడుగున చిల్లున్న కుండను గానీ బుట్టను గానీ తీసుకోవాలి. చెట్టు మీదున్న లేత కొమ్మను ఆ చిల్లులోంచి పైకి దూర్చాలి. కుండ నిండా మట్టి కూరి, గట్టిగా అదిమి, చెట్టు మీదే వదిలేయాలి. రెండేళ్లకు లోపల వేళ్లు నిండుతాయి. అప్పుడు కుండ కింద కొమ్మను కోసి, కుండతో సహా గుంటలో పెట్టి, కుండను పగలగొట్టాలి. వేళ్లకు దారి దొరుకుతుంది, మట్టి మాత్రం చెదరదు. హెఫైస్టస్ గుడి కుండీలు ఇలా వచ్చినవేనని తవ్వకాలు జరిపిన డొరొతీ బర్ థాంప్సన్ గుర్తించారు.

ఇది మనకు తెలియని విద్య కాదు. కడియం నర్సరీలలో ఎవరినడిగినా గాలి అంటు గురించి చెబుతారు. దానిమ్మకో, నిమ్మకో కొమ్మ బెరడు ఉంగరంలా ఒలిచి, తడి నాచు చుట్టి, పాలిథిన్ కాగితంతో మూట కడతారు. వేళ్లు కనిపించాక కోసి నాటుతారు. కేటో కుండ స్థానంలో పాలిథిన్ వచ్చింది, అంతే. అంటే కుండీకి ఆ చిల్లు పెట్టింది నీరు పోవడానికే కాదు, కొమ్మ దూరడానికి కూడా. ఈ ఆలోచన నన్ను వదలడం లేదు. మన ఇళ్లలో చిల్లు కుండ పనికిమాలినదానికి గుర్తు. చిల్లు పడిందంటే పెరటి గోడవతలికి విసిరేస్తాం. చిల్లు వల్లే విలువ పెరిగే కుండ ఇది.

కుండీ మొక్కను మోసుకొచ్చిందన్నాను కనుక మాదీఫలం కథ చెప్పాలి. హిమాలయాల దాపున పుట్టిన ఈ నిమ్మజాతి చెట్టు పర్షియా మీదుగా పడమరకు నడిచింది. విషానికి విరుగుడని రోమన్లు దాన్ని నమ్మారు. వేళ్లకు గాలి ఆడేలా చిల్లులు పెట్టిన మట్టి కుండల్లో దాన్ని తమ దేశాలకు తీసుకుపోవాలని ఎందరో ప్రయత్నించారనీ, ఆ చెట్టు మాత్రం పరాయి నేల మీద బతకనని మొండికేసిందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అదే ప్లినీ క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. ఆ బూడిద కిందే కూరుకుపోయిన పాంపే తోటల్లో, అడుగున ఒకటి, పక్కల మూడు చిల్లులతో నాటు కుండీలు దొరికాయి. ఆయన రాసిన చిల్లులను ఇప్పుడు మనం వేలితో తడిమి చూడవచ్చు.

ప్రాచీన ఏథెన్సు ఆడవాళ్లకు కుండ పెంకులతో ఒక అలవాటు ఉండేది. పగిలిన కుండ పెంకుల్లో సోపు, లెట్యూస్ లాంటి గింజలు చల్లి, నిచ్చెనలెక్కి ఇంటి కప్పు మీద పెట్టేవారు. గ్రీకు పురాణాల్లో చిన్న వయసులో చనిపోయిన అడోనిస్ కోసం ఈ వ్రతం. మొలకలు చప్పున లేచి, ఎండకు చప్పున వాడేవి. తర్వాత వాటిని నీళ్లలో వదిలేవారు. ఇది చదువుతుంటే మన పెళ్లిళ్లలో నవధాన్యాలు మొలకెత్తే మట్టి పాలికలు గుర్తుకు రాకుండా ఉంటాయా? తెలంగాణ తండాల్లో తీజ్ పండక్కి ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, చివరికి చెరువులో కలుపుతారు. ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందని నేను అనను. గుప్పెడు మట్టిలో గింజ వేసి ఎదురుచూడటం ఆడవాళ్ల చేతికి ఎక్కడైనా తెలిసిన పనే.

ఆ తర్వాతి శతాబ్దాలను గబగబా దాటేస్తాను. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ వెర్సాయ్‌లో నారింజ చెట్లను చెక్కపెట్టెల్లో పెంచాడు. చలికాలం లోపల, వేసవిలో బయట. ఇప్పటికీ అక్కడ ఏటా ఇదే తతంగం. నాకు మాత్రం రాజుగారి పెట్టెల కంటే ఇంగ్లండు కుమ్మరుల లెక్క ఎక్కువ నచ్చింది. ఒక ముద్ద మట్టితో ఎన్ని కుండీలు వస్తే అదే ఆ కుండీ నంబరు. అరవై వస్తే ‘అరవై’, నలభై ఎనిమిది వస్తే ‘నలభై ఎనిమిది’. నంబరు పెరిగేకొద్దీ కుండీ చిన్నదవుతుంది. చీరాల నేతగాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నూలు కౌంటు కూడా అంతే కదా, వంద కౌంటు పోగు అరవై కంటే సన్నం.

ఆ లెక్కలు ప్లాస్టిక్ రాకతో పోయాయి. లెక్కలు పోతే పోయాయి, మట్టి పోయినందుకే నా బాధ. కాల్చిన మట్టి గోడలోంచి తడి నెమ్మదిగా ఆవిరవుతుంది, ఆ ఆవిరి వేళ్లను చల్లబరుస్తుంది. మంచినీళ్ల కుండ చల్లదనం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఉగాది దాటగానే నిప్పులు చెరిగే మన ఊళ్లలో మొక్కకు కావలసింది ఇదే. ఎండకు సలసల కాగే నల్ల ప్లాస్టిక్ తొట్టిలో బంతిమొక్కను నిలబెట్టి, వాడిపోయిందని నర్సరీవాణ్ని తిడుతున్నాం.

మా అమ్మమ్మ అరుగు మీద కొన్న కుండీ ఒక్కటీ ఉండేది కాదు. కారే బిందె, తుప్పు పట్టిన బకెట్టు, నెర్రె విచ్చిన కాగు. వాటిలోనే కనకాంబరాలు, మరువం, చామంతులు. కొత్త డబ్బా దొరికితే ముందు మేకుతో అడుగు పొడిచేది. చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించి, ఆ తర్వాతే మట్టి పోసేది. పెంకు ఎందుకమ్మమ్మా అంటే, “నీళ్లు పోవాలి, మన్ను పోకూడదు” అనేది.

ఇప్పుడు దుకాణాల్లో నిగనిగలాడే పింగాణీ కుండీలు చిల్లు లేకుండానే అమ్ముతున్నారు. పోసిన నీళ్లన్నీ అడుగున నిలిచి, వేళ్లు కుళ్లి, నెలలో మొక్క పోతుంది. దాన్ని కుండీ అని పిలవడమే తప్పు, అది గిన్నె. ఈ ఉగాదికి వాకిట్లో మొక్కలు పెట్టాలనుకుంటే మీ ఊరి కుమ్మరి దగ్గరికి వెళ్లండి. బేరమాడే ముందు కుండీని ఒకసారి బోర్లించి చూడండి.