వేడి నీళ్లతో కరెంటు: నాన్నకి నేను చెప్పిన తప్పు జవాబు

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల ఊరు. మా నాన్న ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవారు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టిన వేడి నీళ్లు కాల్వలోకి వదిలేస్తుంటే, ఒకరోజు అడిగారు: "గింత వేడి ఊకెనే పోతుంది గద బిడ్డా, దీనితోని కరెంటు రాదా?"

నేనప్పుడు బీటెక్ సెకండియర్. "నీళ్లు మరిగి ఆవిరైతేనే టర్బైన్ తిరుగుద్ది నాన్నా, ఇది కాదు" అని తేల్చేశా.

తప్పు నాదే. మరగాల్సింది నీళ్లే కానక్కర్లేదు. మన ఇంట్లో సిలిండర్ చూడండి. లోపల ద్రవంగా ఉన్న గ్యాస్ గది వేడికే ఆవిరైపోతుంది. అలా తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని వేడి నీళ్లతో మరిగించి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి, మళ్లీ చల్లార్చి వాడతారు. దీని పేరు ఆర్గానిక్ ర్యాంకిన్ సైకిల్.

1967లోనే రష్యాలోని కమ్చట్కాలో, పరతుంకా దగ్గర దాదాపు 80 డిగ్రీల నీళ్లతో ఇలా కరెంటు తీశారు. 2006లో అలాస్కాలోని చెనా వేడి నీటి బుగ్గల దగ్గర 74 డిగ్రీలే సరిపోయాయి.

మరి మన దగ్గర? ఉంది! భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరులో, భూమిలోంచి ఉబికే వేడి నీళ్లతో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. పద్ధతి ఇదే.

20 కిలోవాట్లంటే ఎంత? పొలంలో 5 హెచ్‌పీ మోటార్లు ఓ ఐదు నడుస్తాయి. అంతే.

ఎందుకింత తక్కువ? దీనికి జవాబు 1824లోనే ఫ్రాన్స్ ఇంజినీర్ సాడీ కార్నో చెప్పాడు. పని చేసేది వేడి ఒక్కటే కాదు, వేడికీ చల్లదనానికీ మధ్య ఉన్న తేడా. 75 డిగ్రీల నీళ్లు, 30 డిగ్రీల చల్లని నీళ్లు అనుకోండి. ఎంత గొప్ప మెషిన్ అయినా ఆ వేడిలో 13 శాతం మించి కరెంటుగా మార్చలేదు. నిజం మెషిన్లకి అందులో సగం వస్తే గొప్ప. చెనాలో చలి ఎక్కువ కాబట్టి తేడా కలిసొచ్చింది. మన ఎండల్లో ఆ సుఖం లేదు.

మొన్న నాన్నకి ఇదంతా చెప్పి, "నువ్వు అడిగింది కరెక్టే" అన్నా. ఆయన కాసేపు ఆగి, "మరి ఆ మెషిన్ కొనే బదులు, ఆ వేడితోని బాయిలర్ల పోసే నీళ్లనే ముందు కాపుకుంటే ఊక మిగుల్తది గద?" అన్నారు.

ఈసారి తొందరపడి కాదనలేదు ఫ్రెండ్స్. లెక్క వేసి చూశా. ఆయన చెప్పిందే లాభం.