క్యాన్సర్‌కు ముందే క్రోమోజోముల హెచ్చరిక: ఫాంకోనీ ఎనీమియా

ఫాంకోనీ ఎనీమియా అనే పేరులో రక్తహీనత ఉన్నప్పటికీ, ఇది ఇనుము మాత్రలతో తగ్గే జబ్బు కాదు. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి సంక్రమించిన పిల్లలలో ఎముక మజ్జ క్రమేణా చేవ కోల్పోయే అరుదైన వంశపారంపర్య వ్యాధి ఇది. వీరికి తీవ్రమైన మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ సోకే ప్రమాదం సాధారణ ప్రజలతో పోలిస్తే కొన్ని వందల రెట్లు అధికం. అయితే చాలామందిలో క్యాన్సర్ బయటపడటానికి ముందే మజ్జ కణాల క్రోమోజోములలో మార్పులు కనిపిస్తాయి. వాటిని సకాలంలో గుర్తిస్తే చికిత్సకు వ్యవధి లభిస్తుంది.

స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు గుయిడో ఫాంకోనీ 1927లో ఒకే కుటుంబంలోని ముగ్గురు అన్నదమ్ములను పరీక్షించి ఈ వ్యాధిని వర్ణించారు. ఆయన పేరుతోనే ఉన్న ఫాంకోనీ సిండ్రోమ్ మూత్రపిండాలకు సంబంధించిన వేరొక వ్యాధి. రెండింటినీ ఒకటిగా భావించడం తరచూ జరిగే పొరపాటు. ఎదుగుదల తక్కువగా ఉండటం, చేతి బొటనవేలు సరిగా ఏర్పడకపోవడం, చర్మంపై కాఫీరంగు మచ్చలు ఈ వ్యాధిలో తరచుగా కనిపించే లక్షణాలు. కాగా, బాధితులలో కనీసం నాలుగో వంతు మందికి పైకి ఏ లోపమూ కనిపించదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మూలకారణం డీఎన్ఏ మరమ్మతులో ఉంది. డీఎన్ఏ నిచ్చెనలోని రెండు పోగులు కొన్నిసార్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ అతుకును విడదీసి సరిచేసే పనిలో ఇరవైకి పైగా జన్యువులు పాలుపంచుకుంటాయి. రొమ్ము క్యాన్సర్ సందర్భంలో తరచూ వినిపించే బీఆర్‌సీఏ-2 కూడా వాటిలో ఒకటి. ఈ బృందంలో ఒక్క జన్యువు పనిచేయకపోయినా అతుకులు మిగిలిపోయి, కణం విభజన చెందే వేళ క్రోమోజోములు విరుగుతాయి. ఈ విరుగుళ్లను జర్మన్ పరిశోధకులు 1964లో గమనించారు. నేటికీ నిర్ధారణకు అదే ఆధారం: రోగి రక్తకణాలకు డైఎపాక్సీబ్యూటేన్ లేదా మైటోమైసిన్-సి అనే రసాయనాన్ని కలిపి, క్రోమోజోములు ఎంతగా విరుగుతున్నాయో సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. కొందరిలో కొన్ని రక్తకణాలు తమంతట తామే ఆ జన్యులోపాన్ని సరిచేసుకుంటాయి. అలాంటి వారి రక్తపరీక్షలో లోపం తేలకపోవచ్చు కాబట్టి, అనుమానం తీరని పక్షంలో చర్మకణాలను పరీక్షిస్తారు.

ఈ వ్యాధిలో వచ్చే రక్తక్యాన్సర్ తీరు వేరు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాలో 9, 22 క్రోమోజోములు ముక్కలను పరస్పరం మార్చుకుంటాయి. ఫాంకోనీ రోగులలో అటువంటి ఇచ్చిపుచ్చుకోవడం అరుదు. ఒక ముక్క అదనంగా చేరడమో, ఒకటి పూర్తిగా పోవడమో ఎక్కువ. వీటన్నింటి తీవ్రత ఒకటి కాదు. 1వ క్రోమోజోము పొడవు భుజం అదనంగా చేరడం తరచుగా కనిపించే తొలి మార్పు. అది ఉన్నా కొందరు చాలాకాలం నిలకడగా ఉండవచ్చు. కణాన్ని అదుపులో ఉంచే పీ-53 అనే కాపలా వ్యవస్థను ఆ అదనపు భాగం బలహీనపరుస్తుందని, తద్వారా ఆ కణాలు మిగతావాటిని మించి పెరుగుతాయని 2023లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు వెల్లడించారు. 3వ క్రోమోజోము పొడవు భుజం పెరగడం, 7వ క్రోమోజోములలో ఒకటి లోపించడం, 21వ క్రోమోజోముపై ఉండే రన్‌ఎక్స్-1 జన్యువు దెబ్బతినడం మాత్రం ప్రమాద సంకేతాలు. ఇవి కనిపిస్తే మజ్జ మార్పిడికి ఆలస్యం చేయరాదన్నది నిపుణుల అభిప్రాయం. అందుకే రక్తకణాల సంఖ్య బాగున్నా ఏడాదికోసారి మజ్జ పరీక్ష, దానితోపాటే క్రోమోజోముల పరీక్ష చేయించాలని సూచిస్తారు.

వ్యాధిని గుర్తించకుండా క్యాన్సర్‌కు మామూలు మోతాదులో కీమోథెరపీ ఇస్తే ప్రాణాపాయం. క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీసే ఆ మందులను వీరి ఆరోగ్యకరమైన కణాలు సైతం తట్టుకోలేవు. మార్పిడికి ముందు ఇచ్చే మందులనూ బాగా తగ్గించాల్సి ఉంటుంది. మజ్జ దానం చేయదలచిన తోబుట్టువును కూడా ముందుగా పరీక్షించాలి. పైకి ఆరోగ్యంగా కనిపించే అన్నకో చెల్లెలికో ఇదే వ్యాధి ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రపంచంలో తొలి బొడ్డుతాడు రక్త మార్పిడి 1988లో పారిస్‌లో జరిగింది ఒక ఫాంకోనీ బాలుడికే. ఎలియాన్ గ్లుక్‌మాన్ నాయకత్వంలోని వైద్యులు అతని చెల్లెలు పుట్టినప్పుడు సేకరించిన రక్తాన్ని ఎక్కించారు.

దక్షిణ భారతంలో మేనరికాలు అధికం కావడంతో ఇటువంటి వ్యాధుల ముప్పు ఇక్కడ ఎక్కువ. బంధుత్వం లేని దంపతులకూ పూర్తి భరోసా లేదు. ఎఫ్‌ఏఎన్‌సీ-ఎల్ జన్యువులోని ఒక లోపం దక్షిణాసియా ప్రజలలో ఉమ్మడి పూర్వీకుల నుంచి వస్తోందని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. కుటుంబంలో ఒక బిడ్డకు వ్యాధి నిర్ధారణ అయితే, తదుపరి గర్భధారణకు ముందే జన్యు సలహా తీసుకోవడం అవసరం. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం, మజ్జ మార్పిడితో చికిత్స చేయదగిన వ్యాధుల జాబితాలో దీనిని చేర్చింది. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్‌తో కలిసి పనిచేస్తోంది.

మార్పిడి విజయవంతమైనా రక్తం మాత్రమే మారుతుంది. శరీరంలోని మిగిలిన కణాలలో లోపం అలాగే ఉంటుంది. నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు చిన్న వయసులోనే ఉంటుంది కాబట్టి, పొగాకు, మద్యం పూర్తిగా మానాలని, నోటిని క్రమం తప్పక పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెబుతున్నారు.