ఉన్నట్టుండి ఆగిపోవు కంప్యూటరు

బోధను ప్రాంతపు చెరకు రైతు కుమారుడొకడు నిజామాబాదులో మా కళాశాలయందు చదువుచున్నాడు. గత వేసవిలో అతడు నాయొద్దకు వచ్చి తన యింటి కంప్యూటరు సంగతి చెప్పెను. అది పనిచేయుచునే ఉన్నట్టుండి ఆగిపోవును. ఒకనాడు పది నిమిషములకు, మరొకనాడు మూడు గంటలకు. మరమ్మతు చేయువాని ఎదుట మాత్రము చక్కగా నడచును. చివరకు అతడు మదర్‌బోర్డు మార్చవలెనని చెప్పెనట. "చెరుకు పైసలు ఇస్తనంటున్నడు మా నాయిన. మార్చినంక గూడ గట్లనే ఆగితే ఏం జేయాలె సార్?" అని విద్యార్థి అడిగెను.

అడుగదగిన ప్రశ్నయే. పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట సులభము. అప్పుడప్పుడు మాత్రమే చెడు యంత్రముతోనే చిక్కు. ఈ చిక్కు కంప్యూటరుతోబాటే పుట్టినది. పూర్వులు దీనిని ఎట్లు ఎదుర్కొనిరో తెలిసికొన్నచో మన దారియు తెలియగలదు.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నిర్మింపబడిన ఎనియాక్ యంత్రమును 1946 ఫిబ్రవరిలో లోకమునకు చూపిరి. అందు రేడియో వాల్వులవంటి శూన్యనాళికలు సుమారు 18,000 ఉండెను. ఒక్కటి మాడినను లెక్క తప్పిపోవును. నిర్మాతలలో ఒకడైన ప్రెస్పర్ ఎకర్ట్ నాళికలను వాని శక్తికన్న తక్కువ విద్యుత్తుతో నడిపించెను. స్విచ్చి వేయునపుడును తీయునపుడును అవి ఎక్కువగా చెడుచున్నవని గమనించి, యంత్రమును వీలైనంతవరకు ఆర్పకుండ ఉంచిరి. ఇంత జాగ్రత్తపడినను అది లోపము లేకుండ ఎడతెగక నడచిన అత్యధిక కాలము 116 గంటలే, అదియు 1954లో. చెడుట ఎప్పుడు జరుగుచున్నదో గమనించుటయే ఇక్కడి మొదటి పాఠము.

1947 సెప్టెంబరు 9న హార్వర్డువారి మార్క్ 2 యంత్రములో ఒక రిలే నడుమ చిక్కిన చిమ్మట దొరకినది. దానిని దినచర్య పుస్తకములో అంటించి, ప్రక్కన 3 గంటల 45 నిమిషములని వేళ వ్రాసిరి. యంత్రలోపమును పురుగు అను అర్థము గల 'బగ్' అని పిలుచుట అంతకు ముందే ఉన్నది. 1878లో ఎడిసన్ తన లేఖలో ఆ మాట వాడెను. కాబట్టి ఈ కథలో పురుగుకన్న పుస్తకమే ముఖ్యము. వేళతో సహా వ్రాసి పెట్టుకొను అలవాటు వారికి ఉండెను.

బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు వారాంతములలో తన లెక్కలను రిలే యంత్రమునకు అప్పగించి పోవువాడు. మనుష్యులు లేని వేళ తప్పు కనిపించినచో యంత్రము ఆ లెక్కను విడిచి తరువాతి దానికి పోవుచుండెను. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము, తప్పెక్కడనో కనుగొని ఏల దిద్దుకొనరాదు అని అతడు ఆలోచించెను. అసలు అంకెలకు తోడు కొన్ని తనిఖీ అంకెలను చేర్చి దిద్దుకొను పద్ధతిని 1950లో ప్రచురించెను. నేడు పెద్ద సర్వర్ల మెమొరీలో ఆ సూత్రమే వాడుకలో ఉన్నది. ఇంటి కంప్యూటర్లలో చాలవాటికి అంతటి రక్షణ లేదు.

నిజముగా యాదృచ్ఛికమైన లోపములు లేవా? కలవు. 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన టిమోతీ మే, మరే వుడ్స్ అను శాస్త్రజ్ఞులు మెమొరీ చిప్పుల పైతొడుగులో అత్యల్పముగా ఉన్న యురేనియము, థోరియములనుండి వెలువడు ఆల్ఫా కణములు చిప్పులోని సున్నను ఒకటిగను, ఒకటిని సున్నగను మార్చగలవని తెలిపిరి. చిప్పు చెడదు, అందులోని అంకె మాత్రమే మారును. విశ్వకిరణములవలనను ఇట్లు జరుగునని 1979లో జీగ్లర్, లాన్‌ఫర్డ్ వివరించిరి. అయితే ఒక ఇంటి యంత్రములో ఇట్టివి అరుదు. వారమునకు పలుమార్లు ఆగు యంత్రమునకు కారణమును ఆకాశమున వెదుకనక్కరలేదు.

మన హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దాని తొలి సారథి. 1969లో అక్కడ టి.డి.సి.-12 కంప్యూటరు తయారైనది. ఆ కాలపు కంప్యూటర్లకు చల్లని గది, దుమ్ము చొరని తలుపులు ఉండెడివి. ఇంటికి వచ్చిన కంప్యూటరుకు ఆ భోగము లేదు. దానికి మన వేసవియు, మన దుమ్మును తప్పవు. అందలి విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లకు వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఆయుర్దాయము సుమారు సగమగునని ఇంజనీర్ల అంచనా. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో, లోపలి ద్రవము సరిగా లేని కెపాసిటర్లు ఉబ్బి, ప్రపంచమంతట ఎన్నో కంప్యూటర్లు కారణము తెలియకుండ ఆగిపోయినవి.

విద్యార్థికి ఇవన్నియు చెప్పి, అతడెరిగిన ఉపమానమొకటి ఇచ్చితిని. బోధనులో 1937లో నెలకొని 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము మా జిల్లావారందరికి తెలిసినదే. చక్కెర రంగు చెడినప్పుడు మిల్లులోని రసాయనజ్ఞుడు మిల్లునంతను అనుమానింపడు. గానుగనుండి వచ్చిన రసమును, సున్నము వేసి తేర్చిన రసమును, కాగిన పానకమును వేరువేరుగా పరీక్షించి, ఏ మెట్టువరకు బాగున్నదో తేల్చుకొనును. మనమును అట్లే చేయుదమంటిని.

అతడు నోటుపుస్తకములో ఆగిన వేళను, అప్పుడు చేయుచున్న పనిని వ్రాసెను. విండోస్ దినచర్యలో ప్రతిసారి 'కెర్నెల్ పవర్ 41' అని ఉండెను. యంత్రము సక్రమముగా మూయబడకయే మరల మొదలైనదని మాత్రమే దాని అర్థము. కారణమును అది చెప్పదు. నోటుపుస్తకము ఎక్కువ చెప్పినది. చాలసార్లు మధ్యాహ్నమే, అదియు వీడియోవంటి బరువైన పని చేయునపుడే ఆగినది. మెమ్‌టెస్ట్86 అను పరీక్షను రాత్రియంతయు నడిపితిమి, తప్పు రాలేదు. లోపము కలుగు వేళనే పరీక్షింపవలెను గనుక మధ్యాహ్నము మరల నడిపితిమి; అప్పుడును రాలేదు. ఫ్యాను దుమ్ము దులిపిన పిదప ఆగుట తగ్గినది గాని పోలేదు. కళాశాలలో స్నేహితుని యొద్దనుండి విద్యుత్తు సరఫరా పెట్టెను, అనగా ఎస్.ఎం.పి.ఎస్.ను ఎరువు తెచ్చి బిగించితిమి. వారము దినములు ఒక్కసారియు ఆగలేదు.

ఇక్కడితో తృప్తిపడరాదు. పాత పెట్టెను మరల బిగించితిమి, రెండవనాడే ఆగినది. అప్పుడే కారణము రుజువైనది. 12 వోల్టుల తీగపై 11.4 నుండి 12.6 వరకు ఉండవలెను. ముసలిదైన పెట్టె బరువు పడినప్పుడు, వేడిలో, ఆ హద్దును నిలుపలేకపోవును. దానిని విప్పి చూడరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

క్రొత్త పెట్టెకు మదర్‌బోర్డు వెలలో కొంత భాగమే అయినది. మిగిలిన చెరకు సొమ్ము తండ్రియొద్దనే ఉన్నది. ఉపాధ్యాయులు తమ పాఠశాలలోని ప్రతి కంప్యూటరు ప్రక్కను ఒక నోటుపుస్తకము ఉంచి, అది ఆగినప్పుడెల్ల విద్యార్థులచే వేళయు పనియు వ్రాయింతురుగాక. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చవలెనని, మార్చినదానిని తిరిగి పెట్టి చూడవలెనని వారు అక్కడనే నేర్చుకొందురు.