ఎన్‌గోరోంగోరో అంచున

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశమునకు సింహములను, ఏనుగులను చూడబోవు యాత్రికులు సెరెంగెటీ మైదానమునకు పోవు త్రోవలో ఒక కొండ అంచున తప్పక ఆగుదురు. అచటినుండి చూచినచో సుమారు 600 మీటర్ల లోతున, 260 చదరపు కిలోమీటర్ల పచ్చిక బయలు పళ్లెరమువలె పరచుకొని యుండును. అందులో ఒక ఉప్పునీటి సరస్సు. దాని ఒడ్డున, మన పులికాటునకు వచ్చువానివంటి ఫ్లెమింగో పక్షులు గులాబిరంగు చారవలె కనబడును. ఇరువది లక్షల యేండ్లకు పూర్వము ఒక మహాగ్నిపర్వతము లోపలి లావా వెడలిపోయి, శిఖరము కూలిపోగా ఏర్పడిన గుంట ఇది. దీని పేరు ఎన్‌గోరోంగోరో.

మానవుని చేయి సోకని ప్రకృతి యని దీనిని వర్ణించుట పరిపాటి. ఆ మాట చరిత్రకు నిలువదని మా అభిప్రాయము.

1892లో ఆస్ట్రియా దేశీయుడైన ఆస్కార్ బౌమన్ ఇచటికి వచ్చెను. ఐరోపావారిలో ఈ లోయను మొదట చూచినవాడు ఆయనయే యందురు. అంతకు కొలది కాలము ముందే రిండర్‌పెస్ట్ అను పశువుల మహామారి సోకి మసాయి జాతివారి మందలు నశించినవి. పశువే ధనముగా, పాలే ఆహారముగా బ్రతుకువారు ఎముకల గూళ్లయి తన విడిది చుట్టు చేరిన వైనమును బౌమన్ వ్రాసియుంచెను. పిమ్మట జర్మనుల ఏలుబడిలో సీడెన్‌టాఫ్ సోదరులు లోయ అడుగుననే వ్యవసాయము పెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధముతో ఆ ముచ్చట ముగిసెను.

సెరెంగెటీ వైపు దిగిన పిమ్మట ఓల్డువాయి అను లోతైన వాగుకోత వచ్చును. మసాయిలు ‘ఓల్డుపాయి’ యని పిలుచు కిత్తనారవంటి మొక్క పేరు ఐరోపావారి చెవికి అట్లు వినబడినది. 1959 జూలై 17న మేరీ లీకీ ఇచట కనుగొన్న పుర్రె సుమారు 17 లక్షల 50 వేల యేండ్లనాటి ఆదిమ మానవజాతిది. మట్టిగోడలే కదా యని దాటిపోవువారు గలరు. సింహము కంటబడకున్నను దీనిని విడువరాదని మేమందుము.

ఆ 1959లోనే మసాయిలు సెరెంగెటీ జాతీయవనమును ఖాళీచేయవలసివచ్చెను. బదులుగా ఎన్‌గోరోంగోరో ప్రాంతము మనుష్యులకు, మందలకు, వన్యమృగములకు ఉమ్మడి నెలవని బ్రిటిషు పాలకులు ప్రకటించిరి. మృగములకును మనుష్యులకును పొత్తు కుదరనినాడు మసాయిల మేలుకే అగ్రస్థానమని గవర్నరు వారి సభలో మాట యిచ్చెను. పదునైదేండ్లయినను గడచెనో లేదో, లోయ అడుగున కాపురమున్నవారిని పైకి తరలించిరి. 1979లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. జనము, పశువులు పెరిగి పచ్చికకు ముప్పు వాటిల్లుచున్నదని చెప్పి, 2022 నుండి ప్రభుత్వము మసాయి కుటుంబములను దూరమున నున్న మ్సొమేరా గ్రామమునకు పంపసాగెను. ఇష్టపడియే పోవుచున్నారని ప్రభుత్వము చెప్పెను. బడులకు, వైద్యశాలలకు ధనము తగ్గించి తమ్ము వెడలగొట్టుచున్నారని మసాయిలలో అనేకులు వాదించిరి. 1959 నాటి ఆ మాటనే వారు ఎత్తిచూపిరి.