కళాశాల విద్యార్థులు: శారీరక శ్రమ, కూర్చునే అలవాటు, శరీర బరువు

కళాశాల విద్యార్థుల శరీర బరువును తిండితో పాటు రెండు అలవాట్లు ప్రభావితం చేస్తాయి: ఎంత కదులుతున్నారు, ఎంతసేపు కూర్చుంటున్నారు అన్నవి. బడిలోని ఆటల పీరియడు పోవడం, చదువు గంటలు పెరగడం, చాలామంది ఇల్లు విడిచి హాస్టల్‌లో చేరడం ఇంచుమించు ఒకే వయసులో జరుగుతాయి. అప్పుడు పడిన అలవాట్లు తరవాతి జీవితంలోనూ కొనసాగే అవకాశం ఎక్కువ.

నిర్వచనాలు

కండరాలు కదిలి శక్తి ఖర్చయ్యే ప్రతి పనీ శారీరక శ్రమే. నడక, మెట్లెక్కడం, ఇంటిపని, ఆటలు అన్నీ అందులోకి వస్తాయి. మెలకువగా ఉండి, కూర్చునో పడుకునో, 1.5 మెట్‌లకు మించని శక్తితో గడిపే కాలం నిశ్చల సమయం. ఒక మెట్ అంటే ఊరకే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు. కిలో బరువుకు గంటకు సుమారు 1 కిలోక్యాలరీ. వ్యాయామం చేయకపోవడం, ఎక్కువసేపు కూర్చోవడం వేర్వేరు విషయాలు. పొద్దున గంటసేపు క్రికెట్ ఆడిన విద్యార్థి కూడా మిగతా రోజంతా కుర్చీకే అంటుకుపోవచ్చు.

ప్రమాణాలు

18–64 ఏళ్లవారికి వారానికి 150–300 నిమిషాల మధ్యస్థ శ్రమ లేదా 75–150 నిమిషాల తీవ్ర శ్రమ, కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో వయోజనుల్లో దాదాపు సగం మందికి తగినంత శ్రమ లేదు. ఈ లోటు పురుషుల్లో 42 శాతం, మహిళల్లో 57 శాతం.

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ వస్తుంది. అంతర్జాతీయంగా 25 లేదా ఆపైన ఉంటే అధిక బరువు, 30 లేదా ఆపైన ఉంటే ఊబకాయం. అదే బీఎంఐ వద్ద భారతీయుల్లో కొవ్వు, ముఖ్యంగా పొట్ట చుట్టూ, ఎక్కువగా ఉంటుంది కనుక ఇక్కడి వైద్యులు 23, 25 హద్దులను వాడతారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

కారణాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చాలా రెసిడెన్షియల్ ఇంటర్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఆటస్థలం లేని ప్రాంగణాలు ఎన్నో. డిగ్రీ, ఇంజినీరింగ్‌లో ఆ స్థానాన్ని కాలేజీ బస్సు, ల్యాప్‌టాప్, ఫోను ఆక్రమిస్తాయి. ఆడపిల్లలకు ఆడుకునే చోటు, భద్రత, సమయం మరింత తక్కువ. టిఫిన్ మానేయడం, అర్ధరాత్రి నూడుల్స్, బిర్యానీ, కూల్‌డ్రింకులు దీనికి తోడవుతాయి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది.

బరువులో మార్పు

కళాశాల మొదటి ఏడాదిలో విద్యార్థులు 15 పౌండ్లు, అంటే సుమారు 6.8 కిలోలు, పెరుగుతారని అమెరికాలో ఒక నమ్మకం ఉంది. పలు అధ్యయనాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణలో సగటు పెరుగుదల 1.36 కిలోలే. అయితే ఏటా కొంచెం చేరినా కొన్నేళ్లకు అది పెద్ద భారమే. భారతదేశంలో తక్కువ బరువున్న విద్యార్థులూ ఉన్నారు. శ్రమ లేని సన్నని శరీరాన్ని ఆరోగ్యానికి గుర్తుగా భావించకూడదు.

నివారణ

10 లక్షల మందికి పైగా వివరాలతో 2016లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 60–75 నిమిషాల మధ్యస్థ శ్రమ చేసేవారిలో 8 గంటలకు మించి కూర్చోవడం వల్ల అకాల మరణ ముప్పు పెరిగినట్లు కనబడలేదు. అంత వీలుకానివారికి ఏ కొంచెం నడకైనా మేలే. తరగతుల మధ్య లేచి తిరగడం, దగ్గరి దూరాలకు నడక, సైకిల్ విద్యార్థి చేతిలో ఉన్నవి. టైంటేబుల్‌లో ఆటల గంట, వాడుకలో ఉన్న మైదానం, హాస్టల్ మెస్‌లో పండ్లు, కూరగాయలు కళాశాల సమకూర్చవలసినవి.